వేలిముద్ర నుంచి సంతకం దాకా

(ఉస్మాన్‌గంజ్‌లో జరిగిన యువజన సమావేశంలో మా హాస్టల్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

  

మీ హాస్టల్‌లో ఆదివారం పూట అచ్చులు వేస్తారట, గుడ్డముక్కలు, కాగితాలు కలిపి బొమ్మలు అతికిస్తారట, దాని గురించి యువతకు నాలుగు మాటలు చెప్పండి అని నిర్వాహకులు మమ్మల్ని పిలిచారు. మేము అంటే ఎవరమో ముందు చెప్పాలి కదా. ఒక వార్డెన్, ఒక మేట్రన్, వంట చేసే అక్కలు ఇద్దరు, ఇంటర్ నుంచి పీజీ దాకా చదువుతున్న ఆడపిల్లలు పదిహేను ఇరవై మంది. లంబాడా పిల్లలున్నారు, గోండు, కోయ, చెంచు పిల్లలున్నారు. మాలో ఎవరమూ బొమ్మల కాలేజీకి పోలేదు. వార్డెన్ చదివింది బీఈడీ. చార్టులు కోయడం, అట్టలు అతికించడం, పారేసే వస్తువుతో బోధనోపకరణం చేయడం ఆ చదువులో భాగమే. మా ఆదివారం పని అక్కడి నుంచే మొదలైంది. మేము కళాకారులమని చెప్పుకోవడానికి రాలేదు. ఇష్టంతో చేస్తున్న పని ఇది. చేస్తూ చేస్తూ ఒక విషయం అర్థమైంది. అది మీకు చెప్పిపోదామని వచ్చాం.

ఈ హాలుకు వచ్చే దారిలో మీరు చూసే ఉంటారు. ఉస్మాన్‌గంజ్ టోకు బజారు. లారీల నుంచి బస్తాలు దిగుతుంటాయి, ట్రాలీల మీద అట్టపెట్టెలు కదులుతుంటాయి. ప్రతి బస్తా మీద ఒక ముద్ర ఉంటుంది. సరుకు పేరు, బరువు, వ్యాపారి మార్కా. రేకులోనో అట్టలోనో అక్షరాలు కోసి, సంచి మీద పెట్టి, పైనుంచి రంగు కొడితే పడే ముద్రను స్టెన్సిల్ అంటారు. అచ్చుకళలో అదొక పాత పద్ధతి. బస్తా మీద సరుకు పేరుంది, అమ్మేవాడి పేరుంది. పండించినవాడి పేరు లేదు, మోసిన హమాలీ పేరు లేదు. మన తండాల నుంచి, గూడేల నుంచి నగరానికి వచ్చి మూటలు మోసినవాళ్లు మన ఇళ్లలోనే ఎంతమంది ఉన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. ముద్ర ఎవరిది, పేరు ఎవరిది అనే ప్రశ్న మాకు అక్కడే పుట్టింది.

మన పెద్దలకు తెలిసిన ముద్ర ఇంకొకటి ఉంది. నిశాని. బొటనవేలికి సిరా పూసి కాగితం మీద అద్దేది. దాని చరిత్ర కొంచెం తెలుసుకోవాలి. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రోడ్డుకు కంకర తోలే రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. రేపు సంతకం నాది కాదని తప్పించుకోకుండా భయపెట్టడానికే ఆ పని చేశానని తర్వాత తానే రాసుకున్నాడు. సర్కారు కాగితాల మీద చేతిముద్రలు, వేలిముద్రలు తీసుకునే పద్ధతికి అది తొలి అడుగుల్లో ఒకటి. అంటే ఆ ముద్ర వేసినవాడి గౌరవం కోసం పుట్టలేదు, వేయించుకున్నవాడి ధీమా కోసం పుట్టింది.

మన దగ్గర ఏమైందో మీకు తెలుసు. ఏం రాసి ఉందో చదవలేని కాగితం మీద నిశాని వేసి అప్పు తెచ్చుకున్నారు, పొలం పోగొట్టుకున్నారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ తెచ్చారు. అది చాలక 1970లో సవరించి గట్టిచేశారు. మనం 1/70 అని పిలుచుకునేది ఆ సవరణనే. అలాంటి చట్టం అవసరమైందంటే మన భూమి ఎంత సులువుగా చేతులు మారిందో ఊహించండి. ఇవాళ కూడా రేషన్ దుకాణంలో అవ్వ బొటనవేలు మిషన్ మీద పెట్టి, అది పచ్చదీపం వెలిగించేదాకా ఎదురుచూస్తుంది. పనిచేసి చేసి వేలి గీతలు అరిగిపోతే మిషన్ ఆమెను గుర్తుపట్టదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, అచ్చు వేయడం గురించి మేము చెప్పదలచుకున్నది ఇదే. ఇన్నాళ్లూ మన చేత ఎవరో వేయించుకున్న ముద్రలున్నాయి. ఇప్పుడు మనమే చెక్కి, మనమే సిరా పూసి, మనమే లెక్కపెట్టి, కింద మన పేరు రాసి ఇచ్చే ముద్ర కావాలి. ఆదివారం కాలక్షేపమే కావచ్చు, దానిలో ఇంత సంగతి ఉంది.

అచ్చు, అతుకు మనకు కొత్త కావు. ఆదిలాబాద్ వైపు గోండు అవ్వల చేతులు చూడండి. ముంజేతి మీద, పిక్కల మీద చుక్కలు, గీతలు వరసకట్టి ఉంటాయి. ఆ పచ్చబొట్లు పొడిచినవాళ్లు తోటి ఆడవాళ్లు. సూదీ మసీ పట్టుకుని ఊరూరా తిరిగిన కళాకారులు వాళ్లు. పోయేటప్పుడు నగలు ఒలిచేసుకుంటారు, పచ్చబొట్టు మాత్రం వెంట వస్తుందని అవ్వలు చెప్పే మాట మీరూ వినే ఉంటారు.

ఇక అతుకుల పని సంగతి. లంబాడా అమ్మమ్మ ఫేటియా, కాంచళి తీసి నేల మీద పరవండి. ఎర్రగుడ్డ మీద నల్లగుడ్డ, దాని అంచున పసుపు ముక్క, మధ్యలో అద్దం, చుట్టూ గవ్వలు, ఊలు కుచ్చులు, పాత నాణేలు. వేరువేరు వస్తువులు తెచ్చి ఒకే తలం మీద కూర్చడాన్ని నేటి బొమ్మల భాషలో మిక్స్‌డ్ మీడియా కొలాజ్ అంటున్నారు. కొలాజ్ అంటే ఫ్రెంచిలో అతికించడమే. పికాసో, బ్రాక్ 1912లో బొమ్మల మీద కాగితాలు, ఆయిల్‌క్లాత్ ముక్కలు అతికించినప్పుడు ఐరోపాలో అదొక పెద్ద విశేషమైంది. మన తండాల్లో ఆడవాళ్లు సూది దారంతో చేస్తున్నది ఆ బంధువర్గపు పనే. 2023లో హంపీలో జరిగిన జీ20 సమావేశం సందర్భంగా కర్ణాటకలోని సండూరు ప్రాంతపు లంబాణీ మహిళలు చేసిన 1,755 అతుకుల పనులు ప్రదర్శించారు. అది గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. నాలుగు వందల యాభై మందికి పైగా ఆడవాళ్ల చేతులు ఆ పనిలో ఉన్నాయి.

ఇప్పుడు మేము చేసే తీరు చెబుతాం. ఎవరైనా వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు.

మొదటి మెట్టు వంటింట్లోనే ఉంది. బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్దితే పువ్వు పడుతుంది. టేకు ఆకుకు వెనకవైపు రంగు పూసి కాగితం పరచి ఒత్తితే ఈనెలన్నీ దిగుతాయి. ఇది పిల్లల ఆట అనుకోకండి. ఎత్తుగా ఉన్నచోట రంగు అంటుతుంది, పల్లంగా ఉన్నచోట అంటదు అనే సూత్రం చేతికి తెలిసేది ఇక్కడే.

రెండో మెట్టు లినో. లినోలియం షీటు ముక్క, చెక్కడానికి వి ఆకారం, యు ఆకారం మొనలున్న చిన్న ఉలులు, రంగు పరచడానికి రోలరు. బొమ్మ గీసి, తెల్లగా ఉండాల్సిన చోటంతా చెక్కి తీసేయాలి. షీటు గట్టిపడితే కాసేపు ఎండలో పెట్టండి, వెన్నలా తెగుతుంది. ఒక్క నియమం మాత్రం మా దగ్గర అందరూ పాటించాలి. ఉలి ఎప్పుడూ ఒంటికి ఎదురుగా రాకూడదు, బయటికి పోవాలి. షీటును పట్టుకున్న చేయి ఉలికి వెనక ఉండాలి, ముందు ఉండకూడదు. ఉలి తిప్పలేని చోట షీటునే తిప్పండి.

చెక్కడం అయ్యాక ఒక గాజుపలక మీద రంగు వేసి రోలరుతో పలచగా పరచాలి. రోలరు తిరుగుతుంటే చిటచిటమని సన్నని చప్పుడు వస్తుంది. అప్పుడు రంగు సరిగ్గా ఉన్నట్టు. నూనె సిరా ఎక్కువసేపు తడిగా ఉంటుంది, అచ్చు నల్లగా నిండుగా వస్తుంది. కడగడానికి ముందు వంటనూనెతో తుడిచి తర్వాత సబ్బు వాడితే చాలు. నీళ్ల రంగు తొందరగా ఆరిపోతుంది కాబట్టి దానిలో కొద్దిగా గ్లిజరిన్ కలుపుతాం. అచ్చు యంత్రం మా దగ్గర లేదు. పలచని కాగితాన్ని పైన పరచి, గరిటె వెనక భాగంతో నడిమధ్య నుంచి అంచులకు గుండ్రంగా రుద్దుతాం. ఒక మూల ఎత్తి చూసి, రంగు పడని చోట మళ్లీ రుద్దుతాం. మా వంటక్కల చేతికి ఆ రుద్దడం మా అందరికంటే బాగా కుదురుతుంది. రోజూ పప్పు మెదిపే చేతులు కదా.

రెండు రంగులు కావాలంటే రెండు లినోలు చెక్కాలి. రెండో రంగు పక్కకు జరగకుండా ఒక అట్ట మీద మూలమట్టంలా రెండు పట్టీలు అతికిస్తాం. లినో ఆ మూలకు ఆనాలి, కాగితం కూడా ప్రతిసారీ ఒకే గుర్తుకు ఆనాలి. లెక్కల్లో వెనకబడ్డానని కుంగిపోయే పిల్లలు ఈ పనిలో మిల్లీమీటరు తేడా రాకుండా చేస్తారు. ఆ సంగతి వాళ్లకు చూపించి చెబుతాం.

మూడో మెట్టు అచ్చు, అతుకు కలిసే చోటు. దీన్ని కొలాగ్రాఫ్ అంటారు. దీనికి కావాల్సిన సామాను ఇలాంటి బజారులో చెత్తగా దొరుకుతుంది. చిరిగిన గోనెపట్ట, పురికొస, అట్టపెట్టె లోపలి గీతల అట్ట, ఎండిన ఆకు. వీటిని మందపాటి అట్ట మీద బొమ్మ తీరులో అతికించి, పైన వార్నిష్ గానీ నీళ్లు కలిపిన ఫెవికాల్ గానీ రెండు పూతలు పూసి బాగా ఆరనివ్వాలి. లేకపోతే అట్ట రంగును తాగేస్తుంది. ఆరాక రోలరుతో రంగు పూసి అచ్చు తీయాలి. గోనెపట్ట నేత కాగితం మీద దిగినప్పుడు దున్నిన పొలంలా కనిపిస్తుంది. ముక్కలన్నీ ఒకే మందంలో ఉండేట్టు చూసుకోవాలి. ఒకటి మరీ ఎత్తుగా ఉంటే కాగితం చిరుగుతుంది.

అచ్చు వేసిన కాగితాలనే కోసి కొలాజ్‌లో వాడతాం. పాత చీర అంచు, అద్దం బిళ్ల, బస్సు టికెట్టు, బియ్యం సంచి మీది ముద్ర, అన్నీ పనికొస్తాయి. మైదా జిగురు ఏ రోజుది ఆ రోజే కాచుకుంటాం. పుస్తకాలు కుట్టేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న చోట వద్దు. పెద్ద ముక్కలు కింద, చిన్నవి పైన. కాగితం ఒకవైపే అతికిస్తే ఆరేటప్పుడు అట్ట వంగుతుంది, వెనకవైపు కూడా అంతే కాగితం అతికించండి. ఆరేదాకా పైన బరువు పెట్టండి. న్యూస్‌పేపరు ముక్కలు కొన్నేళ్లకు పసుపెక్కుతాయి. నిలవ ఉండాల్సిన పనిలో దాన్ని తగ్గించండి.

అచ్చుకళలో పిల్లలందరినీ ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. చెక్కింది కాగితం మీద తిరగబడుతుంది. కుడి ఎడమవుతుంది. బొమ్మకైతే పరవాలేదు, అక్షరాన్ని మాత్రం ఉల్టా చెక్కాలి. పలచని కాగితం మీద పెన్సిలుతో రాసి, బోర్లా తిప్పి లినో మీద రుద్దితే ఉల్టా గీత తయారుగా పడుతుంది.

ఈ పద్ధతి నేర్చుకున్నాక మా గోండు పిల్లలు గుంజాల లిపి అక్షరాలు చెక్కుదామన్నారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండీ భాషకు సొంత లిపిలో ఉన్న పాత చేతిరాత ప్రతులు దొరికాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు, ఊరి పెద్దలు, మరికొందరు పట్టుబట్టి పనిచేశారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అంతకు చాలా ముందు, 1943లో, హైమండార్ఫ్ గారి చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైనప్పుడు గోండీ వాచకాలను దేవనాగరి అక్షరాల్లో అచ్చు వేశారు. సొంత లిపి ఊళ్లోనే చేతిరాతలో ఉండిపోయింది. ఇవాళ ఆ అక్షరం ఫోనులో టైపు చేయవచ్చు. అయినా పిల్లలు ఒక్కో అక్షరాన్ని ఉల్టాగా, నిదానంగా చెక్కుతుంటే దాని వంపులు వాళ్ల వేళ్లకు గుర్తుండిపోయాయి. గోండీ రాని కోయ పిల్లలు, లంబాడా పిల్లలు కూడా కూర్చుని చెక్కారు. ఒకరి అక్షరం ఇంకొకరు చెక్కడం కూడా చదువే.

మన నేల మీద పుట్టి అచ్చుకళలో ప్రపంచానికి తెలిసినవాళ్లు ఉన్నారు. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు శాంతినికేతన్‌లో చదివి, పారిస్ పోయి, చివరికి న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. పలచని సిరా, చిక్కని సిరా ఒకదానితో ఒకటి కలవవు అనే సూత్రం మీద ఒకే లోహపు రేకు నుంచి ఒకే ఒత్తిడితో పలు రంగులు తీసే పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ఆయన ముఖ్యులు. 1972లో పద్మశ్రీ వచ్చింది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారు ఊరి మనుషుల్ని, మేకల్ని, చెట్లను ఎచింగ్ రేకుల మీదికి తెచ్చారు. ఆ గీతల్లో కనిపించేది ఆయన పెరిగిన పల్లె. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎందరికో గురువయ్యారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు.

మనవాళ్ల సంగతి చెప్పాలంటే జన్‌గఢ్ సింగ్ శ్యామ్ దగ్గర ఆగాలి. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌లో ప్రధాన్ కుటుంబంలో పుట్టారు. మన ఆదిలాబాద్‌లోనూ ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ గోండుల వంశకథలు పాడతారు కదా, ఆ ప్రధాన్‌లే. ఊరి గోడల మీద ఆయన వేసిన బొమ్మలు చూసి, చిత్రకారుడు స్వామినాథన్ 1980ల మొదట్లో ఆయనను భోపాల్‌లోని భారత్ భవన్‌కు రప్పించారు. అక్కడి గ్రాఫిక్ విభాగంలో పనిచేస్తూ ఆయన అచ్చులు కూడా వేశారు. 2001లో జపాన్‌లో చనిపోయారు. అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఆ దారిలో నడిచినవాళ్లలో భజ్జు శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి ముగ్గురూ చెట్ల మీద వేసిన బొమ్మలను 2006లో చెన్నైలోని తారా బుక్స్ పుస్తకంగా తెచ్చింది. పేరు ‘ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’. నల్లని చేతితయారీ కాగితం మీద ప్రతి పేజీనీ చేత్తో సిల్క్‌స్క్రీన్ పద్ధతిలో అచ్చు వేశారు. 2008లో ఇటలీలోని బొలోన్యాలో పిల్లల పుస్తకాలకు ఇచ్చే బహుమతి దానికి వచ్చింది. మా పిల్లలకు బహుమతి కంటే ముఖ్యంగా తోచింది మరొకటి. పుస్తకం మీద ముగ్గురి పేర్లూ ఉన్నాయి. ‘గిరిజన కళ’ అని ఒక మాట రాసి ఊరుకోలేదు.

ఎందుకంటే ఊరుకునేవాళ్లే ఎక్కువ. నగరంలో ఒక పెద్ద దుకాణంలో దిండు గలీబుల మీద మన తండా కుట్టుపని నమూనాలు మిషన్ అచ్చులో వేసి అమ్ముతుంటే మేము చూశాం. అద్దం కూడా అచ్చులోనే ఉంది, గుండ్రని తెల్ల చుక్క. ఏ తండా, ఎవరి చేయి, ఒక్క ముక్క లేదు. మా పిల్లల్లో ఒకమ్మాయి దాన్ని తడిమి, “మేడమ్, ఇది మా నానమ్మ రవిక, కానీ ఇందులో నానమ్మ లేదు” అంది.

ఆ మాట మమ్మల్నీ ప్రశ్నించింది. పెద్దవాళ్ల నమూనాలు మేమూ తీసుకుంటున్నాం కదా. మేము మాత్రం ఎవరిని అడిగి తీసుకోవాలి? ఇంకో అమ్మాయికి వాళ్ల అవ్వ ముంజేతి మీది పచ్చబొట్టు లినోలో చెక్కాలని ఉండేది. ఆ అమ్మాయి చేతి మీద పచ్చబొట్టు లేదు, వాళ్ల అమ్మ చేతి మీదా లేదు. అవ్వతోనే ఆ గీతలు పోతాయి. సెలవులకు ఊరికి పోయినప్పుడు అవ్వ పక్కన కూర్చుని అడగమన్నాం. అవ్వ చేయి చాపి, ఒక్కో గీతకు పేరు చెప్పి, కాగితం మీద గీయనిచ్చింది. ఒక్క గుర్తు దగ్గర మాత్రం చేయి వెనక్కి తీసుకుంది. ‘ఇది ఒంటి మీద ఉండేదే, కాగితం మీదికి పోయేది కాదు’ అంది. కారణం చెప్పలేదు. మేము అడగమని పంపలేదు.

ఆ అమ్మాయి తిరిగొచ్చి అచ్చు వేసింది. ఆ గుర్తు ఉండాల్సిన చోటును చెక్కి తెల్లగా వదిలేసింది. చూసినవాళ్లు అక్కడ ఏదో మిగిలిపోయింది అంటారు. మిగిలిపోలేదు, మిగిల్చింది. మా దగ్గర ఉన్న అచ్చుల్లో అందరికీ ముందుగా చూపించేది దాన్నే. అడిగితే ఏమి ఇచ్చారో తెలుస్తుంది, ఏమి ఇవ్వలేదో కూడా తెలుస్తుంది. మిషన్ అచ్చు వేసినవాళ్లకు ఈ రెండోది ఎప్పటికీ తెలియదు.

అప్పటి నుంచి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. అచ్చుకళలో ప్రపంచమంతటా ఒక ఆచారం ఉంది. అచ్చు కింద పెన్సిలుతో ఎడమవైపు సంఖ్య రాస్తారు. 3/20 అంటే మొత్తం తీసినవి ఇరవై, ఇది మూడోది. మధ్యలో బొమ్మ పేరు, కుడివైపు సంతకం. ఇరవై అని రాశాక ఇరవై ఒకటోది తీయకూడదు. అది కొన్నవాడికి ఇచ్చిన మాట. మేము దానికి ఇంకో మాట కలిపాం. అచ్చు వెనకవైపు నాలుగు వరుసలు రాస్తాం. నమూనా ఎవరి దగ్గర చూశాం, ఏ ఊరు, ఎవరిని అడిగాం, వాళ్లు ఏమన్నారు. వాళ్లు పేరు రాయమంటే రాస్తాం, వద్దంటే ఊరు మాత్రం రాస్తాం. మొదటి అచ్చు, అంటే 1/20, నమూనా ఇచ్చినవాళ్ల ఇంటికి పోతుంది. అమ్మినా, పంచినా మిగతా పందొమ్మిదే.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్నకు వద్దాం. దీంతో ఏం లాభం? గ్రూప్స్‌కు చదువుకోవాలి, నర్సింగ్ సీటు రావాలి, ఇంట్లో డబ్బు పంపాలి. ఈ బొమ్మలతో ఉద్యోగం వస్తుందా?

రాదు. మేము సూటిగానే చెబుతాం. పరీక్షకు వారం ముందు మా పిల్లల్ని లినో ముట్టనివ్వం. ఉలులు వార్డెన్ బీరువాలో ఉంటాయి. కానీ వారానికి రెండు గంటలు ఎవరూ మార్కులు వేయని పని ఒకటి చేతిలో ఉండటం అవసరం. మన పిల్లలు హాస్టల్‌కు వచ్చిన రోజు నుంచి ఏదో ఒక రికార్డులో సంఖ్యగా ఉంటారు. అడ్మిషన్ నంబరు, స్కాలర్‌షిప్ ఐడీ, ర్యాంకు. అచ్చు మీద వేసే 3/20 కూడా సంఖ్యే, కానీ దాన్ని వేసేది తామే. సొంత భాష మాట్లాడితే నవ్వుతారని గదిలో నోరు మూసుకునే పిల్ల, అవ్వ గీతల పేర్లు అందరి ముందూ చదివి వినిపించింది. ఆ గొంతు రేపు ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది, గ్రామసభలోనూ పనికొస్తుంది. చదివి అర్థం చేసుకున్నాకే సంతకం పెట్టే అలవాటు అన్నిచోట్లా పనికొస్తుంది.

మీరు చేయాల్సిన పని చెప్పి ముగిస్తాం. ఈ నగరంలో ఉన్నవాళ్లు ఒక సెలవురోజు మాసాబ్‌ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియం చూడండి. వస్తువు ముందు నిలబడి, దీన్ని చేసిన చేయి ఎవరిది అని ఒక్కసారి అడుగుకోండి. ఇక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటి ఛత్తాబజారు దాకా నడవండి. శుభలేఖలు అచ్చు వేసే దుకాణాలు వరసగా ఉంటాయి. సిరా ఎలా కలుపుతున్నారో, కాగితం ఎలా పేరుస్తున్నారో నిలబడి చూడండి. మర్యాదగా అడిగితే మిగిలిన కాగితం ముక్కలు ఇచ్చేవాళ్లు దొరుకుతారు.

ఊరికి పోయినప్పుడు అవ్వ పక్కన కూర్చోండి. ఫోను తీసి ఫోటో కొట్టే ముందు అడగండి. ఆమె చెప్పింది రాసుకోండి, వద్దన్నది వదిలేయండి. తిరిగొచ్చి చిన్న లినో ముక్క మీద చెక్కండి. వంకరగా వచ్చినా సరే, కింద పేరు రాయండి. మీ అవ్వ నిశాని వేసిన చేత్తోనే ఆ అచ్చును పట్టుకుని, తన పేరు ఎక్కడుందో చూపించమని అడుగుతుంది. వేలు పెట్టి చూపించండి.